పారిజాతం రేకులు లెక్కపెట్టించిన హాల్డేన్

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఒక పెద్దాయన కాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 72. పుట్టింది ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో, పోయింది భారత పౌరుడిగా. తను పోయాక ఈ శరీరంతో తనకు పనిలేదు కాబట్టి విద్యార్థుల చదువుకు వాడుకోమని ముందే వీలునామా రాసి పెట్టుకున్నారు. ఆ ప్రకారం ఆయన దేహం మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్లే.

ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. జె.బి.ఎస్. హాల్డేన్ అంటే బైపీసీ చదివినవాళ్లకి వెంటనే వెలుగుతుంది. భూమి మీద ప్రాణం ఎలా పుట్టిందన్న పాఠంలో ఒపారిన్ పక్కన ఉండే పేరు. నేను కాకినాడలోనే బీయస్సీ చేశాను. పరీక్షలో ఐదు మార్కులకి ఆ సిద్ధాంతం రాశాను కూడా. ఆ హాల్డేన్ మా కాలేజీకి ఆటో దూరంలోకి వచ్చి చేరాడన్న సంగతి మాత్రం ఐసెలిన్ వచ్చి, పిల్లల్ని స్కూలుకి పంపి, మధ్యాహ్నాలు లైబ్రరీ పుస్తకాలు తెచ్చుకునే రోజుల్లో తెలిసింది.

ఆయన గురించి ఇప్పుడు రాయాలనిపించడానికి కారణం మా పెద్దమ్మాయి బయాలజీ హోంవర్కు. స్క్రీన్ మీద పచ్చగడ్డి, కుందేళ్లు, నక్కలు. ఒక్కో కుందేలూ ఒక్కో చుక్క. ప్రతి చుక్కకీ వయసు ఉంటుంది, ఆకలి ఉంటుంది, అదృష్టం ఉంటుంది. చుక్కలన్నీ వాటి మానాన అవి తిరుగుతుంటే మొత్తం కుందేళ్ల సంఖ్య ఎలా పెరుగుతుందో, ఎలా పడిపోతుందో చూసి రాయాలి. దీనికి ఫార్ములా ఉంది కదమ్మా, ఒక లైన్లో అయిపోయేదానికి ఇన్ని చుక్కలెందుకు అని అడిగింది. మంచి ప్రశ్న. దీనికి జవాబు హాల్డేన్ జీవితంలో దొరుకుతుంది.

ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ ఊపిరి మీద, గనుల్లోని విషవాయువుల మీద పరిశోధన చేసిన పేరున్న శాస్త్రవేత్త. పరిశోధన అంటే ముందు తన మీద, తర్వాత కొడుకు మీద. ఒకసారి పిల్లవాణ్ణి బొగ్గుగనిలోకి తీసుకెళ్లి, నిలబడి షేక్స్పియర్ నాటకంలోని ఉపన్యాసం ఒకటి అప్పజెప్పమన్నారు. మీథేన్ గాలి కన్నా తేలిక కాబట్టి గని కప్పు దగ్గర చేరుతుంది. నాలుగు మాటలు చెప్పేసరికి పిల్లవాడికి ఊపిరాడక కాళ్లు మడతపడ్డాయి. కింద పడగానే, అక్కడ మంచి గాలి ఉంది కాబట్టి, తేరుకున్నాడు. మనమైతే అలాంటి తండ్రి మీద ఫోన్ ఎత్తి పోలీసుల్ని పిలుస్తాం. ఆ పిల్లవాడు మాత్రం మీథేన్ ఎక్కడుంటుందో జన్మలో మర్చిపోలేదు.

ఇంట్లో చెల్లెలు నయోమి గినీ పందుల్ని పెంచేది. అన్నాచెల్లెళ్లు వాటి రంగులూ వంశాలూ రాసుకుంటూ మెండెల్ సూత్రాలు నేర్చుకున్నారు. తర్వాత స్ప్రంట్ అనే స్నేహితుడితో కలిసి ఎలుకల మీద చేసిన పని 1915లో అచ్చయింది. కొన్ని లక్షణాలు విడివిడిగా కాక జంటగా తర్వాతి తరానికి వెళతాయని అందులో చూపించారు. అచ్చయ్యేసరికి ముగ్గురిలో స్ప్రంట్ యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్ కూడా సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లో ఒకసారి, మెసపొటేమియాలో ఒకసారి గాయపడ్డారు. రెండోసారి వైద్యానికి పంపింది భారతదేశానికే. ఇక్కడి మనుషులు నచ్చారు, దొరగా బతకడం నచ్చలేదు. సమానంగా కలిసి ఉండగలిగే రోజు వస్తే తిరిగి రావాలనుకుని వెళ్లారు. ఆ రోజు రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఇంకో విషయం చెప్పాలి. ఆయనకి సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది లెక్కలు, ఆ తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం. అయినా కేంబ్రిడ్జ్‌లో బయోకెమిస్ట్రీ చెప్పారు, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్‌గా ఉన్నారు. మన పిల్లలు ఏ మేజర్ తీసుకోవాలో తొమ్మిదో గ్రేడులోనే తేల్చేసే తల్లిదండ్రులు (నేనూ ఉన్నాను అందులో) ఈ సంగతి ఒకసారి తలుచుకోవచ్చు.

ఇక అసలు పని. ఇంగ్లండ్‌లో తెల్లటి రెక్కల మీద మిరియాల పొడి చల్లినట్టుండే ఒక రాత్రి చిమట ఉంది. ఫ్యాక్టరీల పొగతో చెట్ల మానులు నల్లబడ్డాక అదే జాతిలో నల్లరకం పెరిగింది. మాంచెస్టర్ దగ్గర 1848లో అరుదుగా కనిపించిన నల్లచిమటలు ఆ శతాబ్దం చివరికి దాదాపు అంతటా అవే అయ్యాయి. ఏడాదికి ఒక తరం. అంటే యాభై తరాలు. యాభై తరాల్లో ఇంత మార్పు రావాలంటే నల్లదానికి ఎంత లాభం ఉండాలి? 1924లో హాల్డేన్ లెక్క కట్టారు. తెల్లవి ఇద్దరు వారసుల్ని మిగిల్చిన చోట నల్లవి ముగ్గుర్ని మిగల్చాలి. ఎంపిక ఇంత గట్టిగా ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. 1950లలో అడవిలో చిమటల్ని గుర్తులు పెట్టి వదిలి చూస్తే ఆ లెక్క అతిశయోక్తి కాదని తేలింది.

అయితే ఆ 1924 లెక్కలో ఒక సౌకర్యం ఉంది. చిమటలు లెక్కలేనన్ని ఉన్నాయనుకుంటే సగటు చాలు. సముద్రంలో ఒక చెంబుడు నీళ్లు తగ్గినా పెరిగినా తేడా తెలియదు. మరి ఆ మొట్టమొదటి నల్లచిమట సంగతేమిటి? అది ఒక్కటే. ఎంత మేలైన గుణంతో పుట్టినా ఆ సాయంత్రమే గబ్బిలం నోట పడితే కథ కంచికే. ఈ ప్రశ్నని హాల్డేన్ 1927లో పట్టుకున్నారు. మిగతావాటికన్నా నూటికి ఒక పాలు ఎక్కువ పిల్లల్ని మిగిల్చే గుణంతో ఒక ప్రాణి పుడితే, ఆ గుణం నిలబడే అవకాశం నూటికి సుమారు రెండే. అంటే వందసార్లు మంచి పుడితే తొంభై ఎనిమిది సార్లు అది ఊరికే పోతుంది. నూటికి ఐదు పాళ్ల లాభం ఉన్నా నిలిచేది సుమారు పదిసార్లే. చదవగానే నాకు మనసులో కలుక్కుమంది. గుణం ఉంటే పైకి వస్తాడని మన పెద్దవాళ్లు చెబుతారు. గుణానికి తోడు నలుగురు ఉండాలని హాల్డేన్ లెక్క చెబుతోంది.

మా అమ్మాయికి దీన్ని చూపించడానికి డైనింగ్ టేబుల్ మీద శనగలు పోశాను. ఒక్కో గింజ ఒక్కో జీవి. మొగుడూ పెళ్లాం గొడవ లేదు, ఒంటరి గింజే పిల్లల్ని పెడుతుంది. ప్రతి గింజ పేరా రెండు క్వార్టర్లు ఎగరేయాలి. ఎన్ని బొమ్మలు పడితే అంతమంది పిల్లలు. రెండూ బొరుసు పడితే ఆ గింజకి వారసుల్లేరు. సగటున గింజకి ఒక పిల్ల. ఫార్ములా ప్రకారం ఇరవై గింజలతో మొదలుపెడితే ఎప్పటికీ ఇరవై చుట్టూనే ఉండాలి. కానీ ఒక్కో గింజ వంశాన్నీ విడిగా చూడండి. మొదటి తరంలోనే నూటికి 25 వంశాలు ఆగిపోతాయి. రెండో తరానికి 39, మూడో తరానికి 48. మేం ఇరవై గింజలతో ఆడితే మూడో తరానికి పదకొండు వంశాలు మిగిలాయి. వాటిలో ఒకదానికి ఏడుగురు మునిమనవలు, పక్క గింజకి దీపం పెట్టే దిక్కు లేదు. రెండింటి గుణం ఒకటే. ఇలా ఆడుతూ పోతే ఎప్పటికో ఒకప్పటికి ప్రతి వంశమూ ఆగిపోయి తీరుతుంది. సగటు మాత్రం చివరిదాకా ఒకటే చెబుతూ ఉంటుంది.

కంప్యూటర్ మీద చుక్కలు చేసేది ఈ శనగల పనే, కాకపోతే లక్షల గింజలతో. 1953లో బారిచెల్లీ అనే ఆయన ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో, వాన్ నాయ్‌మన్ కట్టించిన కంప్యూటర్ మీద అంకెలనే ప్రాణులుగా పెట్టి అవి పోట్లాడుకోవడం, పిల్లల్ని పెట్టడం చూశారు. మన మెట్రోపార్క్‌లో ట్రైన్ ఎక్కితే అరగంట దారి. తర్వాత 1970ల మొదట్లో బాట్‌కిన్, జానక్, వాలిస్ అనే ముగ్గురు న్యూ హాంప్‌షైర్ అడవిని చెట్టు చెట్టుగా కంప్యూటర్‌లో పెట్టారు. ప్రతి చెట్టుకీ దాని జాతి, లావు, ఎత్తు. పెద్ద చెట్టు నీడ చిన్నదాని మీద పడుతుంది, చిన్నది ఎదగదు. ఏటా కొన్ని చచ్చిపోతాయి, ఆ ఖాళీలో వెలుగు పడి కొత్తవి లేస్తాయి. అడవికంటూ వేరే ఫార్ములా ఏదీ రాయలేదు. చెట్లకి రాశారు, అడవి దానంతటదే వచ్చింది.

మన దగ్గర దీని అవసరం తెలియాలంటే కడప జిల్లా చూడాలి. 1900 తర్వాత కనపడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో అక్కడ ముళ్లపొదల్లో మళ్లీ దొరికింది. అంత తక్కువగా ఉన్న పిట్టలకి సగటు ఏం చేస్తుంది? ఈ ఏడు గుడ్లు పెట్టే ఆడపిట్ట ఒక్కటి పాము నోట పడితే మొత్తం లెక్క మారిపోతుంది. అలాంటి చోట ఒక్కో పిట్ట అదృష్టాన్నీ విడిగా ఎగరేసి చూడక తప్పదు.

హాల్డేన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయనకి తన శరీరం కూడా ఒక నమూనా ప్రాణే. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్ తాగారు. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, ఆ ప్రమాదంలో ఊపిరికి ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ఇనప గదుల్లో కూర్చుని గాలి ఒత్తిడి పెంచుకున్నారు. ఒకసారి మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతింది, ఆ నొప్పి చివరిదాకా ఉంది. చెవి గూబకి చిల్లు పడితే అందులోంచి పొగాకు పొగ వదిలి జనాన్ని నవ్వించేవారు.

ఇంత మంచి కథలో నాకు మింగుడుపడని భాగం ఒకటుంది. హాల్డేన్ కమ్యూనిస్టు. పార్టీ పత్రికలో మామూలు జనానికి సైన్సు గురించి వందల వ్యాసాలు రాశారు, అది మంచి పనే. కానీ సోవియట్ దేశంలో లైసెంకో జన్యుశాస్త్రాన్నే తప్పుబట్టి, శాస్త్రవేత్తల్ని తొక్కేస్తుంటే హాల్డేన్ గట్టిగా మాట్లాడలేదు. ప్రపంచమంతా తిరిగి పంటల విత్తనాలు పోగుచేసిన వావిలోవ్, 1928లో హాల్డేన్‌ని తమ దేశానికి పిలిచిన మనిషి, 1943లో జైల్లో చనిపోయారు. హాల్డేన్ పార్టీకి దూరమైంది 1950 ప్రాంతంలో. ఒక్క చిమట ప్రాణం లెక్కలోకి తీసుకున్న మనిషి, ఒక్క స్నేహితుడి ప్రాణం దగ్గర ఎందుకు అంత ఆలస్యం చేశారో నాకు అర్థం కాలేదు. ఆయన్ని మెచ్చుకునే పుస్తకాల్లో చదివినా సమాధానపడలేకపోయాను.

1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి ఇండియా వచ్చేశారు. సూయెజ్ మీద బ్రిటన్ చేసిన దాడి నచ్చలేదన్నది బయటికి చెప్పిన కారణం. మహలనోబిస్ పిలుపు మీద కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మన సి.ఆర్. రావుగారు అప్పటికే అక్కడ పెద్ద స్థానంలో ఉన్నారు. హాల్డేన్ లాల్చీ పైజమా వేసుకున్నారు, మాంసం మానేశారు. దేశానికి వచ్చిన మొట్టమొదటి డిజిటల్ కంప్యూటర్ ఉన్నది ఆ సంస్థలోనే. అయినా ఆయన విద్యార్థులకి ఇచ్చిన పనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఖరీదైన పరికరాలు లేవని ఏడవకండి, చుట్టూ ఉన్నది లెక్కపెట్టండి అన్నది ఆయన పద్ధతి.

రాయ్ అనే కుర్రాడికి పారిజాతం చెట్టు చూపించారు. పొద్దున్నే రాలిన పువ్వుల్ని ఏరి, ఒక్కో పువ్వుకి ఎన్ని రేకులున్నాయో లెక్కపెట్టడం పని. మన ఇళ్లలో పూజకి ఏరిన పువ్వులే! అన్నీ ఒకేలా ఉన్నాయనుకుంటాం, ఉండవు. ఎంత తేడా ఉంది, చెట్టుకీ చెట్టుకీ మారుతుందా, కాలంతో మారుతుందా అన్నదే పరిశోధన. డేవిస్ అనే ఆయన కొబ్బరిచెట్ల మట్టలు కొన్నిటికి ఎడమవైపు, కొన్నిటికి కుడివైపు మెలి తిరిగి ఉంటాయని, ఎడమ మెలి చెట్లు కాస్త ఎక్కువ కాస్తాయని గమనించారు. కోనసీమ వాళ్లు ఈసారి ఇంటికెళ్లినప్పుడు తలెత్తి చూడండి. జయకర్, హెలెన్ కలిసి తీతువు జాతి పిట్ట గూళ్ల దగ్గర కాపలా కూర్చున్నారు. తీతువు కూస్తే అపశకునమని మా నాన్నమ్మ తలుపు వేసేది, వీళ్లేమో దాని గుడ్లు ఎన్ని పిల్లలవుతాయో రాసుకున్నారు.

ఆ బృందంలో మనవాడు ద్రోణంరాజు కృష్ణారావు. పిఠాపురంలో పుట్టిన మనిషి. హాల్డేన్‌కి శిష్యుడై, తర్వాత ఆయన జీవితచరిత్ర రాసింది ఈయనే. మొదటి పని లాంటానా పొదల దగ్గర నిలబడటం. ఒకే పొదలో రకరకాల రంగుల పువ్వులు. ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు మీద వాలుతుందో ఒక్కో వాలకాన్నీ రాసుకోవడం. వేర్వేరు సీతాకోకచిలుకలు వేర్వేరు రంగులకి కట్టుబడి ఉంటే, ఒకే చోట ఉన్న మొక్కలు కూడా కాలక్రమేణా రెండు జాతులుగా విడిపోవచ్చు. ఈ మాట 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. పరికరాల ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిల్.

ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి చేసిన ఇంకో పని మన ఇళ్లలోకే వచ్చింది, మేనరికాల లెక్క. మేనమామ మేనకోడల్ని చేసుకోవడం యూరప్‌లో చాలా అరుదు, కాబట్టి దాని ఫలితం చూడాలంటే ఆంధ్రాకే రావాలి. బావామరదళ్లకి పుట్టిన బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ సంబంధంలో ఎనిమిదింట ఒక వంతు. మా నాన్నమ్మ మేనమామనే చేసుకుంది. పుట్టిన తొమ్మిదిమందిలో ఐదుగురు మిగిలారని చెబుతుండేది, అది దేవుడి దయ లెక్కలో చెప్పేది. ఆ రోజుల్లో పిల్లలు పోవడానికి వంద కారణాలు, ఇదే కారణమని ఎవరూ అనలేరు. కానీ జిల్లా సగటు చూస్తే ఏమీ కనపడని చోట, ఇంటింటికీ వెళ్లి వంశవృక్షం గీస్తే ఏదో కనపడుతుందని వీళ్లకి తెలుసు.

కలకత్తాలో ఎక్కువకాలం పొసగలేదు. 1961 మొదట్లో, అమెరికా నుంచి సైన్స్ ఫెయిర్ గెలిచి వచ్చిన ఇద్దరు విద్యార్థుల్ని హాల్డేన్ దంపతులు భోజనానికి పిలిస్తే అమెరికా అధికారులు వాళ్ల కార్యక్రమం మార్చేశారు. దానికి నిరసనగా ఆయన ఏకంగా నిరాహారదీక్ష చేశారు. అతిథులు రాలేదని వండినవాళ్లకి కోపం రావడం నాకు తెలుసు, ఆ కోపంలో భోజనమే మానేసిన ప్రొఫెసర్‌ని మాత్రం ఇక్కడే చూశాను. అదే ఏడు ఇన్‌స్టిట్యూట్ వదిలేశారు, భారత పౌరసత్వం తీసుకున్నారు. 1962లో ఒరిస్సా ప్రభుత్వం, బిజు పట్నాయక్ చొరవతో భువనేశ్వర్‌లో ఒక ప్రయోగశాల పెట్టించి ఇచ్చింది.

దాన్ని నిలబెట్టే టైము మిగల్లేదు. కాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ చేశారు. ఆసుపత్రిలో ఉండగానే తన కాన్సర్ మీద హాస్య కవిత రాసి పత్రికలో అచ్చు వేయించారు, అనుమానం వస్తే ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లమని జనానికి చెప్పడం అందులో అసలు సంగతి. బీబీసీ కోసం తన సంతాప ప్రసంగాన్ని తనే రికార్డు చేసి ఇచ్చారు. ఇండియా తిరిగి వచ్చి డిసెంబరు దాకా ఉన్నారు.

ఆయన పోయాక శిష్యులు తలో దిక్కూ వెళ్లారు. జయకర్ ఇటలీలోని పావియాకి, ద్రోణంరాజు అమెరికాకి. ద్రోణంరాజు హ్యూస్టన్‌లో ఉంటూ గురువు మీద పుస్తకాల మీద పుస్తకాలు రాసి 2020లో పోయారు. హెలెన్ మాత్రం ఇంగ్లండ్‌కి తిరిగి వెళ్లలేదు. ఇండియాలోనే ఉండిపోయి 1978లో హైదరాబాద్‌లో కన్నుమూశారు.